గురువు పోయాక ఆయన పేరు ఎవరి చేతిలో ఉంటుంది?

2022లో పంజాబ్ అసెంబ్లీ ఎన్నికలకు ఫిబ్రవరి 14న పోలింగ్ అని ఎన్నికల సంఘం ప్రకటించింది. కొద్ది రోజులకే ఆ తేదీని 20కి జరిపింది. ఎందుకంటే 16న దళిత భక్తకవి గురు రవిదాస్ జయంతి. ఆయన పుట్టిన చోటుగా భక్తులు కొలిచే సీర్ గోవర్ధన్‌పూర్ వారణాసిలో ఉంది. పంజాబ్ నుంచి, ముఖ్యంగా జలంధర్ చుట్టుపక్కల ఉన్న దోఆబా ప్రాంతం నుంచి, జయంతికి అక్కడికి పెద్ద ఎత్తున జనం వెళ్తారు. రెండు రోజుల ముందు పోలింగ్ పెడితే వాళ్లంతా ఓటుకు దూరమవుతారని కాంగ్రెస్, బీజేపీ, బీఎస్పీ అన్నీ ఒకే మాట చెప్పాయి. ఏ విషయంలోనూ కలవని పార్టీలు ఈ ఒక్క విషయంలో కలిశాయి. భక్తుల ఓటు హక్కు కాపాడాలన్న ఆ కోరిక న్యాయమైనదే.

ఇక 16వ తేదీ ఏం జరిగిందో చూడండి. అప్పటి పంజాబ్ ముఖ్యమంత్రి చరణ్‌జీత్ సింగ్ చన్నీ వారణాసిలో సీర్ గోవర్ధన్‌పూర్ గుడిలో ఉన్నారు. ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ అదే గుడికి వెళ్లారు. రాహుల్ గాంధీ, ప్రియాంకా గాంధీ కూడా అక్కడికే వెళ్లారు. ప్రధాని మోదీ ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని రవిదాస్ మందిరంలో కీర్తన చేస్తున్న మహిళల మధ్య కూర్చుని తాళం వేశారు. ఉత్తరప్రదేశ్‌లో కూడా అప్పుడు ఎన్నికలు నడుస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం పంజాబ్ జనాభాలో దళితులు దాదాపు 32 శాతం. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత నిష్పత్తి లేదు.

రవిదాస్ కాశీలో చెప్పులు కుట్టిన మనిషి. ఆయన పదాలు నలభై వరకు సిక్కుల గురుగ్రంథంలో ఉన్నాయి. వాటిలో బాగా పేరున్నది బేగంపురా అనే ఊరి గురించిన పదం. ఆ ఊళ్లో దుఃఖం ఉండదు, పన్ను కట్టాలన్న దిగులు ఉండదు, రెండో రకం మూడో రకం మనుషులు ఉండరు. ఎవరికి ఎక్కడ నడవాలనిపిస్తే అక్కడ నడుస్తారు, ఏ ప్రాకారం దగ్గరా ఎవరూ ఆపరు. అంటరాని కులంలో పుట్టి, అడుగడుగునా ఆపబడిన మనిషి కన్న కల అది. ఆ ఐదుగురు నాయకుల ఫోటోలు మర్నాడు పేపర్లన్నిటిలో వచ్చాయి. బేగంపురాలో అన్నట్టు ఎవరినీ ఎక్కడా ఆపకుండా ఉండాలంటే ప్రభుత్వం ఏం చెయ్యాలన్న చర్చ మాత్రం ఆ ఎన్నికల్లో ముందుకు రాలేదు.

ఇలాంటివి చూసినప్పుడు మనకు వెంటనే తోచేది "అంతా ఓట్ల కోసం" అనే మాట. ఆ మాట నిజమే అయినా అక్కడితో ఆగిపోతే సంగతి అర్థం కాదు. ఓట్ల కోసం చనిపోయిన గురువే ఎందుకు కావాలి? గురువు మాటలో ఏ ముక్క మిగులుతుంది, ఏ ముక్క రాలిపోతుంది? వారసుల పాత్ర ఏమిటి? గురువు పేరు ఎత్తిన ప్రతి నాయకుడూ మోసగాడేనా? వీటిని విడివిడిగా చూడాలి.

చనిపోయిన మనిషి లేచి "నేనలా అనలేదు" అనలేడు. అయితే అదొక్కటే కారణమైతే ఏ పాత నాయకుడి పేరైనా సరిపోవాలి. పాత రాజకీయ నాయకుడి పేరు ఎత్తితే ఆయన పార్టీ, ఆయన తీసుకున్న నిర్ణయాలు, ఆయన మీద జనానికున్న కోపాలు కూడా వెంట వస్తాయి. గురువు పేరుకు ఆ బరువు ఉండదు. పైగా ఆయన భక్తులు ముందే ఒక సమూహంగా ఉన్నారు. వాళ్లకొక తేదీ ఉంది, ఒక చోటు ఉంది, ఒక పలకరింపు ఉంది. కొత్తగా జనాన్ని కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది, జయంతి నాడు వేదిక ఎక్కితే అప్పటికే కూడిన జనం ఎదురుగా కనిపిస్తారు. గురువుల మాటలు ఎక్కువగా పాటలుగా, పదాలుగా, చిన్న చిన్న వాక్యాలుగా మిగులుతాయి కాబట్టి ఏ సందర్భంలో అన్నారో పక్కన పెట్టి ఎవరైనా వాడుకోవచ్చు. వీటన్నిటికీ మించి, గురువు పేరు ప్రత్యర్థి మీద ఆయుధంగా పనిచేస్తుంది. "మీరు మా గురువుని అవమానించారు" అన్న ఆరోపణకు ఏ నాయకుడి దగ్గరా సరైన జవాబు ఉండదు. వాదించినా తప్పే, ఊరుకున్నా తప్పే.

ఇందులో అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఏరుకోవడం. దానికి మార్టిన్ లూథర్ కింగ్ కన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించదు. ఆయన్ని మనం హక్కుల నాయకుడిగా గుర్తుపెట్టుకుంటాం గానీ, వృత్తిరీత్యా ఆయన బాప్టిస్టు చర్చి పాస్టర్. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో ఆయన ప్రసంగం ప్రపంచమంతా విన్నది. ఆ సభ పూర్తి పేరులో స్వేచ్ఛ కన్నా ముందు ఉద్యోగాలు ఉన్నాయి. గంటకు 2 డాలర్ల కనీస వేతనం కావాలన్నది ఆ రోజు పెట్టిన డిమాండ్లలో ఒకటి. ఇప్పుడు ఆ సంగతి ఎంతమందికి తెలుసు? మనిషిని చర్మం రంగుతో కాకుండా గుణంతో చూసే రోజు రావాలన్న ఒక్క వాక్యం మిగిలింది. తర్వాతి దశాబ్దాల్లో అదే వాక్యాన్ని నల్లజాతివారికి విద్యలో, ఉద్యోగాల్లో ఇచ్చే ప్రత్యేక అవకాశాలను వ్యతిరేకించడానికి వాడారు. శతాబ్దాల అన్యాయానికి ప్రత్యేక పరిహారం ఉండాల్సిందేనని కింగ్ స్వయంగా రాశారు. ఆ రాత పక్కకు పోయింది.

బతికుండగా కింగ్ అందరికీ ఇష్టమైన మనిషి ఏమీ కాదు. 1966లో గాలప్ సర్వేలో 63 శాతం మంది అమెరికన్లు ఆయన మీద ప్రతికూల అభిప్రాయం చెప్పారు. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తే పెద్ద పత్రికలే ఆయన మీద విరుచుకుపడ్డాయి. సరిగ్గా ఏడాదికి, 1968 ఏప్రిల్ 4న, మెంఫిస్‌లో ఆయన్ని చంపారు. సమ్మెలో ఉన్న పారిశుద్ధ్య కార్మికులకు అండగా ఆయన ఆ ఊరు వెళ్లారు. 1983లో ఆయన పుట్టినరోజు పేరిట జాతీయ సెలవు బిల్లు సెనేట్‌లో 78-22 ఓట్లతో నెగ్గింది. మొదట్లో ఆ సెలవును ఇష్టపడని అధ్యక్షుడు రీగన్ చివరికి సంతకం పెట్టారు. బతికున్నప్పుడు మూడింట రెండు వంతుల జనం దూరం పెట్టిన మనిషి పదిహేనేళ్లలో అందరివాడయ్యాడు. అందరివాడు కావాలంటే యుద్ధం గురించి, వేతనాల గురించి ఆయన అన్నది మరుగున పడాలి, ఆ పని జరిగింది కూడా. ఎవరో ఒక్కరు కూర్చుని చేసిన కుట్ర కాదది. ప్రతివాళ్లూ తమకు నచ్చిన ముక్క తీసుకుంటూ పోతే మిగిలినది దానంతటదే మరుగున పడుతుంది.

కింగ్ విషయంలో రాలిపోయింది మంచి ముక్క. అన్నిసార్లూ అలా ఉండదు. గురువు మాటల్లోనే విషం ఉంటే? ఇక్కడే చాలామంది తడబడతారు. గురువు ఎప్పుడూ స్వచ్ఛం, వాడుకున్నవాళ్లే చెడ్డ అని సర్దిచెప్పుకుంటారు. పదహారో శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ కథ ఆ సర్దుబాటును నిలవనివ్వదు. 1543లో ఆయన యూదుల మీద ఒక గ్రంథం రాశాడు. వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టాలని అందులో ఉంది. నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1938 నవంబరు 9, 10 తేదీల్లో నాజీలు జర్మనీ అంతటా ఆ మందిరాలను తగలబెట్టారు. 10వ తేదీ లూథర్ పుట్టినరోజు. మార్టిన్ జాస్సే అనే బిషప్ ఆ సంగతిని సంబరంగా చెబుతూ ఒక పుస్తకమే వేశాడు. యుద్ధం తర్వాత న్యూరెంబర్గ్ విచారణలో నాజీ ప్రచారకుడు జూలియస్ స్ట్రైషర్, లూథర్ బతికుంటే నా స్థానంలో ఆయన ఉండేవాడు అన్నాడు. ఇది నేరగాడు తప్పించుకోవడానికి ఆడిన మాటే, కానీ అతను లూథర్ నోట్లో కొత్తగా ఏదీ పెట్టలేదు. అక్కడ ఉన్నదే తీసుకున్నాడు.

అదే లూథర్‌ని కమ్యూనిస్టు తూర్పు జర్మనీ ఏం చేసిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. 1525 రైతు తిరుగుబాటులో లూథర్ రాజుల పక్షం నిలిచాడు కాబట్టి, మొదట్లో ఆ ప్రభుత్వానికి ఆయన రాజుల బంటు. రైతులతో కలిసి పోరాడి తల నరికించుకున్న థామస్ ముంట్సర్ వాళ్ల వీరుడు. 1975లో వేసిన 5 మార్కుల నోటు మీద ముంట్సర్ బొమ్మే ఉంది. 1983 నాటికి లూథర్ పుట్టి 500 ఏళ్లు నిండుతున్నాయి. ఆయన బతికిన ఊళ్లు ఐస్లేబెన్, విట్టెన్‌బెర్గ్ తూర్పు జర్మనీలోనే ఉన్నాయి. ప్రపంచమంతా అటు చూస్తుంది, విదేశీ యాత్రికులు వస్తారు, పశ్చిమ జర్మనీతో గౌరవం కోసం పోటీ ఉంది. దాంతో ఉత్సవాల కమిటీకి పార్టీ అధినేత ఎరిక్ హోనెకర్ స్వయంగా అధ్యక్షుడయ్యాడు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి రాజుల బంటు దేశ పుత్రులలో మహనీయుడయ్యాడు. లూథర్ కొత్తగా ఏమీ రాయలేదు. మారింది పాలకుల అవసరం.

మన దేశంలో ఈ మొత్తం వ్యవహారాన్ని బతికుండగానే ఎదుర్కొన్న గురువు ఒకరున్నారు. కేరళ నారాయణ గురు. శూద్రుల కన్నా కింద అని లెక్కగట్టిన ఈళవ కులంలో పుట్టిన ఆయన, 1888లో అరువిప్పురంలో నదిలోంచి ఒక రాయి తెచ్చి శివుడిగా ప్రతిష్ఠించారు. కులభేదం, మతద్వేషం లేకుండా అందరూ సోదరుల్లా బతికే చోటు ఇది అని అక్కడ రాయించారు. 1903లో ఆయన పేరిట ఎస్ఎన్‌డీపీ (శ్రీ నారాయణ ధర్మ పరిపాలన) యోగం అనే సంఘం ఏర్పడింది, ఆయనే దానికి అధ్యక్షుడు. పదమూడేళ్లు గడిచాక, 1916లో, ఆ యోగం నుంచి తప్పుకుంటున్నానని ఉత్తరం రాశారు. తనకు తెలియకుండా తీర్మానాలు చేస్తున్నారని, అందులో కులాభిమానం పెరిగిపోయిందని ఆయన బాధ. అదే ఏడాది ఒక ప్రకటన కూడా ఇచ్చారు: నేను కులమతాలు వదిలేసి ఏళ్లయింది, కొందరు నన్ను తమ కులంవాడిగా చూస్తున్నారు, ప్రత్యేకంగా ఏ కులానికీ మతానికీ నేను చెందను అని. నారాయణ గురు గురించి చదివినప్పుడల్లా నేను ఈ ప్రకటన దగ్గర ఆగిపోతాను. తనను ఎవరెవరు తమవాడు అంటారో ఆయన కళ్లారా చూశారు. కాగితం మీద కాదన్నారు. అయినా ఆగలేదు.

1928లో ఆయన పోయారు. ఇప్పుడు పరిస్థితి ఏమిటి? 2015లో ఎస్ఎన్‌డీపీ నాయకత్వం నుంచే బీడీజేఎస్ అనే రాజకీయ పార్టీ పుట్టి ఎన్డీయేలో చేరింది. 2022 రిపబ్లిక్ డే కవాతుకు కేరళ నారాయణ గురు విగ్రహంతో శకటం పెడతానంటే ఎంపిక కాలేదు. గురువు బదులు ఆదిశంకరుల్ని పెట్టమన్నారని కేరళ ప్రభుత్వం ఆరోపించింది, నిపుణుల కమిటీ నిర్ణయమని కేంద్రం అంది. రోజుల తరబడి గొడవ నడిచింది. 2024 డిసెంబరు 31న, గురువు సమాధి ఉన్న శివగిరిలో తీర్థయాత్ర సభలో ముఖ్యమంత్రి పినరయి విజయన్, గురువుని సనాతన ధర్మ ప్రచారకుడిగా చూపే ప్రయత్నం జరుగుతోందని, ఆయన దాన్ని మార్చడానికి వచ్చినవాడని అన్నారు. ఇది సనాతన ధర్మానికి అవమానమని బీజేపీ అంది. సనాతన ధర్మాన్ని సంఘ్ పరివార్‌కి రాసిచ్చేస్తారా అని కాంగ్రెస్ తప్పుపట్టింది. ముగ్గురి మాటలకీ గురువు జీవితంలో ఏదో ఒక ఆధారం దొరుకుతుంది. ఆయన శివుణ్ణి ప్రతిష్ఠించారు, వేదాంతం రాశారు, సంస్కృతంలో స్తోత్రాలు రాశారు. ఒక గుళ్లో విగ్రహం బదులు అద్దం కూడా పెట్టారు. ఇదంతా కలిపితేనే ఆయన.

అదే సభలో ఇంకొక మాట వచ్చింది. గుడిలోకి వెళ్లేటప్పుడు మగవాళ్లు చొక్కా విప్పాలన్న ఆచారం ఒకప్పుడు కులం తెలుసుకోవడానికే పెట్టారు, దాన్ని మానేయాలని శివగిరి మఠం అధిపతి సచ్చిదానంద స్వామి సూచించారు. ముఖ్యమంత్రి దాన్ని సమర్థించారు. గురువు ఎవరివాడన్న గొడవ కన్నా ఇది నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. గురువు ఏమై ఉండేవాడన్నది ఎప్పటికీ తేలదు, గుళ్లో చొక్కా సంగతి తేల్చుకోవచ్చు. దానికి ఎవరు ముందుకొస్తారు, ఎంత వ్యతిరేకత భరిస్తారు అన్నది చూడొచ్చు.

దీన్నిబట్టి నేను ఒక కొలత పెట్టుకున్నాను. గురువు పేరు ఎత్తినందుకు ఆ నాయకుడికి ఏమైనా ఖర్చయిందా? సొంత ఓటర్లలో కొందరికి కోపం వచ్చే పని ఏదైనా చేశాడా? విగ్రహానికి అయ్యే ఖర్చు ఖజానాది, నాయకుడిది కాదు. సెలవు ప్రకటిస్తే ఎవరికీ కోపం రాదు. నాణెం, స్టాంపు, జిల్లా పేరు, విమానాశ్రయం పేరు, ఇవన్నీ గౌరవాలే, కానీ వీటిలో ఏదీ గురువు అడిగింది కాదు.

పన్నెండో శతాబ్దపు బసవేశ్వరుడి వచనం ఒకటి చాలామందికి తెలుసు. ఉన్నవాళ్లు శివుడికి గుడి కడతారు, పేదవాణ్ణి నేనేం చేయను, నా కాళ్లే స్తంభాలు, దేహమే గుడి, తలే బంగారు కలశం, నిలిచి ఉన్నది కూలుతుంది, కదిలేది కూలదు అని దాని భావం. ఆ మాటన్న మనిషికి 2012లో బసవకల్యాణ్‌లో 108 అడుగుల విగ్రహం లేచింది. 2015 నవంబరులో లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఆయన విగ్రహాన్ని ప్రధాని మోదీ ఆవిష్కరించారు. 2024 జనవరిలో కర్ణాటక కాంగ్రెస్ ప్రభుత్వం ఆయన్ని రాష్ట్ర సాంస్కృతిక నాయకుడిగా ప్రకటించింది. మన దగ్గర ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజ విగ్రహాన్ని 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరిస్తే, ఆ కార్యక్రమానికి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎందుకు రాలేదన్న చర్చే ఎక్కువ నడిచింది. తిరుమంత్రాన్ని గోపురం ఎక్కి అందరికీ వినిపించాడని చెప్పుకునే రామానుజుడి సమతా భావం గురించి అంత చర్చ జరగలేదు.

బసవేశ్వరుడి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని కొంచెం నెమ్మదిగా విప్పాలి. లింగాయతులది హిందూ మతంలో భాగమా, బసవడు స్థాపించిన వేరే మతమా? ఇది రాజకీయ నాయకులు పుట్టించిన ప్రశ్న కాదు. బసవడే తమ మూలపురుషుడు అనేవాళ్లు, పంచాచార్యులే మూలం అనే వీరశైవులు చాలా కాలంగా వాదించుకుంటున్నారు. పండితులు పుస్తకాలు రాశారు, మఠాధిపతులు రెండు పక్షాలుగా ఉన్నారు. ఆ ప్రశ్న మీద సిద్ధరామయ్య ప్రభుత్వం జస్టిస్ నాగమోహన్ దాస్ కమిటీ వేసింది. ఆ నివేదిక ఆధారంగా లింగాయతులకు ప్రత్యేక మత హోదా ఇవ్వాలని 2018 మార్చి 19న కేబినెట్ సిఫార్సు చేసింది. ఆ ఏడాది కర్ణాటక అసెంబ్లీ పోలింగ్ మే 12న. లింగాయతుల్లో బీజేపీకి గట్టి పట్టు ఉంది. వేరే మతం అయితే మైనారిటీ హోదా వస్తుంది, దాంతో విద్యాసంస్థల నిర్వహణలో హక్కులు వస్తాయి. హిందువులను చీలుస్తున్నారని బీజేపీ అంది. కేంద్రం ఆ సిఫార్సును ఒప్పుకోలేదు. కాంగ్రెస్ మెజారిటీ పోగొట్టుకుంది. ఎన్నికలయ్యాక ఆ డిమాండ్ ఊపు తగ్గింది. శతాబ్దాల నాటి నిజమైన ప్రశ్న ఎనిమిది వారాల ఎన్నికల వేడిలో పడి, ఇరుపక్షాల భక్తులకూ మాట తప్పిన భావన మిగిల్చింది. నాయకుల జోక్యం వల్ల జరిగే అసలు నష్టం ఇదని నాకు అనిపిస్తుంది. అబద్ధాలు పుట్టించడం అటుంచి, నిజమైన ప్రశ్నల్ని కూడా ముట్టుకోలేనంతగా చెడగొడతారు.

ఉన్న మాటను ఏరుకోవడం ఒకటైతే, లేని మాటను అతికించడం ఇంకొకటి. అది మన తెలుగువాళ్లకు బాగా తెలిసిన విద్య. ఏది జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అంటాం. ఒక అంబ పదహారేళ్లు ఏలుతుందన్న మాట ఇందిరాగాంధీ గురించేనని చెప్పుకున్నారు. తెర మీది బొమ్మలు గద్దెనెక్కుతాయన్నది ఎన్టీఆర్ గురించేనన్నారు. బ్రహ్మంగారి పాత్రలో ఎన్టీఆర్ నటించిన సినిమా 1984లో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే విడుదలైంది. 2020లో కరోనా వస్తే కోరంకి అనే జబ్బు గురించిన చరణం ఫోన్లన్నిటిలో తిరిగింది. కాలజ్ఞానం తాళపత్రాల్లో, నోటి పాటల్లో, రకరకాల అచ్చు ప్రతుల్లో పెరుగుతూ వచ్చింది. ఏ చరణం ఎప్పుడు చేరిందో చెప్పడం కష్టం. అందుకే ఏ నాయకుడికి కావాల్సిన చరణం అందులో దొరుకుతుంది. దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా స్వీకరించిన బ్రహ్మంగారు, కులం పేరుతో మనుషుల్ని వేరు చేయొద్దన్న బ్రహ్మంగారు మాత్రం ఎన్నికల వేళ ఎవరికీ గుర్తురారు.

నాయకులే ఇదంతా చేస్తున్నారనుకుంటే సగం కథే చూసినట్టు. గురువు పోయిన చోట మఠం ఉంటుంది, ట్రస్టు ఉంటుంది, భూములు ఉంటాయి, హుండీ ఉంటుంది, వారసత్వ తగాదా ఉంటుంది. రోడ్డు కావాలి, అనుమతులు కావాలి, కోర్టులో కేసులు ఉంటాయి. అధికారంలో ఉన్నవాళ్లతో సఖ్యత లేకుండా ఇవి నడవవు. నాయకుడు వేదిక మీద కుర్చీ అడుగుతాడు, నిర్వాహకులు ఇంకేదో అడుగుతారు. 2004లో మహారాష్ట్ర చేసిన చట్టం ప్రకారం షిర్డీ సాయిబాబా సంస్థానం పాలకమండలిని వేసేది రాష్ట్ర ప్రభుత్వమే. అక్కడి నియామకాలు చాలాసార్లు హైకోర్టు మెట్లెక్కాయి. శివగిరిలోనే 1995లో మఠం అధికారం కోసం వర్గాల గొడవ ముదిరితే, కోర్టు ఉత్తర్వు అమలు చేయడానికి పోలీసులు లోపలికి వెళ్లి లాఠీలు ఝుళిపించారు. పుట్టపర్తి సత్యసాయిబాబా 2011 ఏప్రిల్ 24న పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. 2022లో ఆయన పేరిట జిల్లా వచ్చింది. 2025 నవంబరులో శతజయంతికి ప్రధాని వచ్చి నాణెం, స్టాంపులు విడుదల చేశారు. మధ్యలో రాష్ట్రంలో ఎన్ని ప్రభుత్వాలు మారినా పుట్టపర్తికి ఎవరూ దూరం జరగలేదు.

శిష్యుల మధ్య పంచాయితీ గురువు ఊపిరి ఆగిన క్షణం నుంచే మొదలవుతుందని కబీర్ భక్తులకు ఎప్పుడో తెలుసు. మఘర్‌లో ఆయన దేహం కోసం హిందువులు, ముస్లింలు పట్టుబడితే, దుప్పటి తీసి చూసేసరికి పూలే ఉన్నాయని వాళ్లు కథ చెప్పుకుంటారు. ఈనాటికీ అక్కడ హిందువుల సమాధి, ముస్లింల మజార్ పక్కపక్కనే ఉన్నాయి.

చట్టం ఏమీ చేయలేదా? కొంతవరకు చేస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) ప్రకారం మతం, కులం పేరుతో ఓటు అడగడం, మత చిహ్నాలను వాడుకోవడం అవినీతికర చర్య. 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 తేడాతో, అభ్యర్థి మతమే కాదు ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని చెప్పింది. అయితే ఇది అభ్యర్థికి, ఆయన ఏజెంటుకి, ఆయన ఒప్పుకోలుతో మాట్లాడినవాళ్లకి వర్తిస్తుంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు ఎవరో ఎలక్షన్ పిటిషన్ వెయ్యాలి. ఎన్నికలకు ఏడాది ముందు ప్రభుత్వ సొమ్ముతో జరిగే విగ్రహావిష్కరణ, జయంతి నాటి కీర్తన, జిల్లా పేరు మార్పు, వీటిలో ఏదీ ఆ సెక్షన్ కిందకు రాదు. రావాలని నేను అనుకోను కూడా. గురువు గురించి ఎవరు మాట్లాడాలో కోర్టు తేల్చే రోజు వస్తే అది ఇంకా ప్రమాదం.

పైగా గురువు పేరు రాజకీయాల్లోకి రావడమే పాపం అన్న మాట నేను ఒప్పుకోను. కింగ్ చేసిందంతా రాజకీయమే. కేరళలోని వైక్కం గుడి చుట్టూ ఉన్న దారుల్లో కింది కులాలవాళ్లు నడవకూడదన్న నిషేధం మీద 1924లో సత్యాగ్రహం జరిగింది. నారాయణ గురు శిష్యుడు టి.కె. మాధవన్ 1923 డిసెంబరులో మన కాకినాడ కాంగ్రెస్ మహాసభకు వచ్చి, అంటరానితనం సంగతి సభ ముందు పెట్టి, మద్దతు సంపాదించుకుని వెళ్లారు. గురువు తన ఆశ్రమాన్ని సత్యాగ్రహులకు ఇచ్చారు, వెయ్యి రూపాయల విరాళం ఇచ్చారు. కాంగ్రెస్ పార్టీ ఆ పోరాటంలో దిగినందుకు అగ్రకుల మద్దతుదారుల్లో కొందరిని దూరం చేసుకుంది, కార్యకర్తలు జైళ్లకు వెళ్లారు. 1925లో నాలుగు దారుల్లో మూడు తెరుచుకున్నాయి. 1936లో తిరువాన్కూరు ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది. గురువు పేరు, రాజకీయ పార్టీ, రెండూ అందులో ఉన్నాయి. ఖర్చు కూడా ఉంది.

ఆ ఖర్చు దగ్గర నాయకులు ఎలా ఆగిపోతారో ఎల్ సాల్వడార్ ఆర్చిబిషప్ ఆస్కార్ రొమెరో విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. సైన్యం పేదల్ని చంపుతుంటే, దేవుడి పేరుతో ఆపమని సైనికులకు చెప్పినందుకు, 1980 మార్చి 24న పూజ చేస్తుండగా ఆయన్ని కాల్చి చంపారు. ఆ హత్యకు ఆదేశమిచ్చింది అరేనా పార్టీ స్థాపకుడు రాబర్టో దౌబ్యుసాన్ అని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ కమిషన్ 1993లో తేల్చింది. ఆ నివేదిక వచ్చిన కొన్ని రోజులకే, అరేనా చేతిలో ఉన్న ప్రభుత్వం అంతర్యుద్ధ నేరాలన్నిటికీ క్షమాభిక్ష చట్టం తెచ్చింది. 2009లో మాజీ గెరిల్లాల పార్టీ ఎఫ్ఎంఎల్ఎన్ తరఫున గెలిచిన అధ్యక్షుడు మౌరీసియో ఫ్యూనెస్, రొమెరోనే తనకు ఆదర్శమన్నారు. 2010లో ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. అంతకు ముందు ఏ అధ్యక్షుడూ ఆ పని చేయలేదు, దాన్ని తక్కువ చేయకూడదు. విమానాశ్రయంలో రొమెరో కుడ్యచిత్రం పెట్టారు. 2014లో ఆ విమానాశ్రయానికే ఆయన పేరు పెట్టారు. హంతకుల్ని కాపాడుతున్న క్షమాభిక్ష చట్టాన్ని మాత్రం ఆ ఐదేళ్లలో రద్దు చేయలేదు. అది రద్దయితే పాత గెరిల్లా నాయకుల మీద కూడా కేసులు తెరుచుకుంటాయి. 2016 జులైలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2017లో ఒక జడ్జి రొమెరో హత్య కేసును మళ్లీ తెరిచారు. 2018లో, పోప్ ఫ్రాన్సిస్ రొమెరోను పునీతుడిగా ప్రకటించిన నెలలోనే, నిందితుల్లో ఒకడైన మాజీ కెప్టెన్ ఆల్వారో సరావియా మీద అరెస్టు ఉత్తర్వు వెలువడింది.